జీతం సర్కారుది, బడి చర్చిది

విశాఖ వన్‌టౌన్‌లో పాతవాళ్ళని ఎవరిని కదిపినా కాన్వెంటులో చదివామనో, మిషన్ స్కూల్లో చదివామనో అంటారు. ఆ టీచర్లకి జీతం ఎవరిచ్చేవారని అడిగితే చాలామంది చర్చే అనుకుంటారు. 2021లో ఎయిడెడ్ బడుల (నడిపేది ప్రైవేటు యాజమాన్యం, జీతాలిచ్చేది సర్కారు) సిబ్బందిని తమకు అప్పగించమని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అడిగి, కొన్ని యాజమాన్యాలు సరేననేసి, తల్లిదండ్రులు రోడ్డెక్కాక గానీ అసలు 'ఎయిడెడ్' అంటే ఏంటన్న సంగతి బయట చర్చకి రాలేదు.

కథ 1805లో మొదలవుతుంది. లండన్ మిషనరీ సొసైటీ మనుషులు జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ ఆ ఏడాది విశాఖలో దిగారు. ఈస్టిండియా కంపెనీకి అప్పట్లో మిషనరీలంటే గిట్టదు, మతం జోలికెళ్తే వ్యాపారం దెబ్బతింటుందని భయం. బెంగాల్‌లో పనిచేసిన మిషనరీ విలియం కేరీ కూడా డేన్ల ఏలుబడిలోని శ్రీరాంపూర్‌కి పోయి మకాం పెట్టుకోవాల్సి వచ్చింది. ఇక్కడ వీళ్ళిద్దరూ తెలుగు నేర్చుకుని, మతం మారిన ఆనందరాయర్ సాయంతో సువార్తలు తెలుగు చేస్తూ, పిల్లలకి బడి కూడా పెట్టారు. క్రాన్ 1809లో, డెస్ గ్రాంజెస్ 1810లో చనిపోయారు.

అలాగని అంతకుముందు మనకి బడుల్లేవనుకుంటే పొరపాటు. మద్రాసు గవర్నర్ థామస్ మన్రో తీయించిన లెక్కల్లో (1826) మద్రాసు ప్రెసిడెన్సీ మొత్తం మీద 12,498 బడులున్నాయి. ఇసుకలో అక్షరాలు దిద్దించే వీధిబడులూ అందులోవే, కాకపోతే ఆడపిల్లలు మాత్రం చాలా తక్కువ.

1813 చార్టర్ చట్టం మిషనరీలకి తలుపు తీసింది, చదువుకి ఏటా లక్ష రూపాయలు కేటాయించింది. ఇంత పెద్ద దేశానికి లక్ష! అసలు మలుపు 1854 నాటి వుడ్ డిస్పాచ్, అంటే ఇక్కడి చదువుల గురించి లండన్ నుంచి చార్లెస్ వుడ్ పంపిన విధాన లేఖ. బడులన్నీ తానే పెట్టే స్తోమత సర్కారుకి లేదు, పెట్టిన వాళ్ళకి గ్రాంటు ఇస్తాం, తనిఖీకి ఒప్పుకోవాలి, మతబోధన సంగతి మాత్రం మేం పట్టించుకోం అన్నారు. ఈ గ్రాంట్-ఇన్-ఎయిడ్‌లోని 'ఎయిడ్' నుంచే మన 'ఎయిడెడ్' వచ్చింది. ఇది చర్చి కోసమే చేసిన ఏర్పాటు కాదు, హిందూ దాతల బడులకీ వర్తించేది. 1860లో స్కూలుగా మొదలైన మన ఏవీఎన్ కాలేజీ అలా స్థానికుల డబ్బుతో లేచిందే. 1847 నాటి సెయింట్ అలోషియస్ స్కూలు అయితే డిస్పాచ్ కంటే ముందుది. 1882లో చదువుల మీద వేసిన హంటర్ కమిషన్ కూడా సర్కారు మెల్లగా తప్పుకుని స్థానికులకి వదిలేయాలనే చెప్పింది.

స్వతంత్రం వచ్చాక సర్కారు సొమ్ముకీ మతసంస్థల బడులకీ పడ్డ ఈ ముడిని రాజ్యాంగం విప్పలేదు, హద్దులు పెట్టింది. పూర్తిగా సర్కారు సొమ్ముతో నడిచే బడిలో మతబోధన ఉండకూడదు, సాయం పొందే బడిలో పిల్లాణ్ణి బలవంతంగా ప్రార్థనకి కూర్చోబెట్టకూడదు, ఇవి 28వ అధికరణం. మైనారిటీలు బడి పెట్టుకుని నడుపుకునే హక్కు 30వది. అందుకే 2014లో సుప్రీంకోర్టు మైనారిటీ బడుల్ని విద్యాహక్కు చట్టం పరిధి నుంచి తప్పించింది. నాకైతే ఎయిడ్ తీసుకునే బడినీ పూర్తిగా తప్పించడం మింగుడుపడదు.

2021 గొడవ చివరికి ఇష్టమైతే ఎయిడెడ్‌గానే ఉండొచ్చన్న మాటతో చల్లారింది. కానీ రిటైరైన టీచర్ల పోస్టులు భర్తీ కాకపోతే, 1854 నాటి ఒప్పందం ఎవరూ రద్దు చేయకుండానే మాయమైపోతుంది.