స్లో కుక్కర్‌లో చికెన్, పుట్టగొడుగుల స్టూ: అపోహలు - వాస్తవాలు

తిరుపతిలో వంట నేర్పడం నా పని. ఈమధ్య క్లాసుకి వచ్చేవాళ్లు స్లో కుక్కర్ గురించి, అంటే సన్నటి వేడి మీద గంటలకొద్దీ ఉడికించే కరెంటు కుక్కర్ గురించి, తెగ అడుగుతున్నారు. కొందరికి అమెరికాలో ఉన్న పిల్లలు తెచ్చిచ్చారు, కొందరు ఆన్‌లైన్‌లో కొన్నారు. చాలామంది మొదట చేసేది చికెన్, పుట్టగొడుగుల స్టూనే. అది నీళ్లనీళ్లగా వస్తుంది, ముక్క చప్పగా పీచుపీచుగా ఉంటుంది, దాంతో కుక్కర్ అటకెక్కుతుంది. అన్నీ వేసి మూత పెడితే చాలన్న మాట నమ్మినందుకు వచ్చే చిక్కు ఇది. కుక్కర్ అన్నిటికీ ఒకే వేడి ఇస్తుంది. కానీ కోడి తొడ, రొమ్ము ముక్క, ఉర్లగడ్డ, పుట్టగొడుగు, పాలు ఆ వేడిని ఒక్కోటి ఒక్కోలా తీసుకుంటాయి. ఏది ఎప్పుడు వేయాలో తెలిస్తే ఇంత సులువైన వంట ఇంకోటి లేదు.

అమెరికా నుంచి తెచ్చిన కుక్కరైతే ప్లగ్ పెట్టే ముందు అడుగున రాసిన వోల్టేజీ చూడండి. అక్కడ 120 వోల్టులు, మన దగ్గర 230. పిన్నుల అడాప్టర్ ప్లగ్ ఆకారాన్ని మారుస్తుందే గానీ వోల్టేజీని తగ్గించదు. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా పెడితే కాయిల్ కాలిపోతుంది.

అపోహ: అన్నీ పచ్చిగానే వేసి స్విచ్ వేస్తే చాలు.

వాస్తవం: ఉడుకుతాయి, రుచి మాత్రం రాదు. వేపుడుకీ కాల్చిన మాంసానికీ వచ్చే కమ్మటి వాసన సుమారు 140 డిగ్రీలు దాటితేనే బాగా పుడుతుంది. 1912లో దీన్ని వివరించిన ఫ్రెంచి శాస్త్రవేత్త పేరు మీద మెయిలార్డ్ చర్య అంటారు. స్లో కుక్కర్‌లో ఉన్నది నీళ్లు, కాబట్టి వేడి ఎప్పటికీ 100 డిగ్రీలు దాటదు. ఎన్ని గంటలు ఉంచినా ఆ వాసన అందులో పుట్టదు. దాన్ని మనమే ముందుగా పెనం మీద పుట్టించి లోపల వేయాలి.

చికెన్ ముక్కల మీది తడిని పొడిబట్టతో అద్ది తీసేయండి. అడుగు మందంగా ఉన్న గిన్నెలో రెండు చెంచాల నూనె బాగా కాగాక ముక్కలు ఎడంగా పెట్టి, మూడు నాలుగు నిమిషాలు కదపకుండా వదిలేయండి. ముక్క అడుగు వదలకపోతే ఇంకా వేగలేదని అర్థం. వేగితే తనంతట తానే ఊడి వస్తుంది. రెండు వైపులా రంగు వచ్చాక తీసి పక్కన పెట్టి, అదే గిన్నెలో ఎర్రగడ్డలు, తెల్లగడ్డ పాయలు వేయించండి. చివర్లో అర కప్పు నీళ్లు పోసి, అడుగున అంటుకున్న గోధుమరంగు పొరనంతా చెక్క గరిటెతో గీకండి. స్టూ రుచిలో సగం ఆ నీళ్లలోనే ఉంటుంది. చాలామంది ఆ గిన్నెను సింకులో వేసేస్తారు, చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

ఇలా వేయిస్తే రసం బయటికి పోకుండా బిగుసుకుంటుందని ఇంకో మాట ఉంది. అదీ నిజం కాదు. వేయించినప్పుడు ముక్క కొంత రసం కోల్పోతుంది. మనం వేయించేది రుచి కోసం, రంగు కోసం.

అపోహ: గంటలకొద్దీ ఉడుకుతుంది కాబట్టి నీళ్లు ఎక్కువ పోయాలి.

వాస్తవం: పొయ్యి మీద కూరలాగా ఇందులో నీళ్లు ఇగరవు. ఆవిరి మూతకు తగిలి మళ్లీ గిన్నెలోకే దిగుతుంది. పైగా చికెన్ నీళ్లు వదులుతుంది, ఎర్రగడ్డ వదులుతుంది, అందరికంటే ఎక్కువ పుట్టగొడుగు వదులుతుంది. దాని బరువులో సుమారు 90 శాతం నీళ్లే. కిలో చికెన్, 300 గ్రాముల పుట్టగొడుగులు, రెండు ఉర్లగడ్డలు, రెండు క్యారెట్లకు ఒకటిన్నర కప్పు నీళ్లు చాలు, గిన్నె గీకిన అర కప్పుతో కలిపే. వేసినప్పుడు ముక్కలు నీళ్లలో మునగకుండా పైకి కనిపిస్తుంటే భయపడకండి, రెండు మూడు గంటల్లో సర్దుకుంటాయి. ఇక కుక్కర్ గిన్నె సగం నుంచి మూడింట రెండు వంతుల వరకే నిండాలి.

చిక్కదనం కోసం చివరి అరగంటలో ఒక పెద్ద చెంచా కార్న్‌ఫ్లోర్‌ను చల్లటి నీళ్లలో కలిపి పోసి, హై మీద పెట్టండి (కుక్కర్ మీద హై అంటే తొందరగా వేడెక్కే సెట్టింగు, లో అంటే నెమ్మదిగా వేడెక్కేది). కార్న్‌ఫ్లోర్ ఇష్టం లేకపోతే ఉడికిన ఉర్లగడ్డ ముక్కలు నాలుగు గరిటెతో మెదిపి కలపండి. నాకైతే ఈ రెండోదే ఇష్టం. స్టూ చిక్కబడుతుంది, పిండి వాసనా రాదు.

అపోహ: మంచి ముక్క అంటే బోన్‌లెస్ రొమ్ము ముక్కే. ఎంతసేపు ఉడికితే అంత మెత్తన.

వాస్తవం: ఈ వంటకు తొడలు, కాళ్లే సరైనవి. కోడి రోజంతా వాడే కండరాలు అవి, వాటిలో కండను పట్టి ఉంచే కొలాజెన్ అనే పదార్థం ఎక్కువ. సన్నటి వేడి మీద గంటలు గడిచేకొద్దీ అది కరిగి జెలటిన్ అనే జిగురు అవుతుంది. పెదవులకు అంటుకునే ఆ చిక్కదనం దాన్నుంచే వస్తుంది. రొమ్ము ముక్కలో కరగడానికి కొలాజెన్ పెద్దగా లేదు. లో మీద రెండున్నర, మూడు గంటలు దాటితే నీరంతా పోయి దూదిలా అవుతుంది. చుట్టూ రసం ఉన్నా ముక్క లోపల పొడిగానే ఉంటుంది. బ్రాయిలర్ తొడలకు లో మీద 5, 6 గంటలు, హై మీద 3 గంటలు సరిపోతాయి.

చికెన్ అంగడిలో ఇంకో జాగ్రత్త కావాలి. అడగకపోతే అలవాటుగా కూర ముక్కలు కొట్టేస్తారు. అంత చిన్న ముక్కలు ఇందులో విడిపోతాయి, కత్తి దెబ్బకు చిట్లిన ఎముక పెచ్చులు అడుగున చేరి పంటికి తగులుతాయి. పిల్లలు తినే ఇంట్లో అది ప్రమాదం కూడా. "అన్నా, తొడలు, కాళ్లు విడదీసి అట్లే ఇవ్వు, కొట్టొద్దు" అని ముందే చెప్పండి.

అపోహ: ఇది విదేశీ పద్ధతి, మన నాటుకోడి అందులో ఉడకదు.

వాస్తవం: చికాగోలో ఉన్న ఇర్వింగ్ నాక్సన్ అనే ఆయన దీనికి 1940లో పేటెంటు పొందారు. యూదులు శనివారం పొయ్యి ముట్టించరు కాబట్టి ముందురోజే సన్నటి వేడి మీద పెట్టి వదిలేసే చోలెంట్ అనే వంట ఆయనకు స్ఫూర్తి. 1971లో రైవల్ కంపెనీ దాన్ని క్రాక్‌పాట్ పేరుతో అమ్మింది. పరికరం వాళ్లది గానీ, సన్నటి వేడి మన ఇళ్లకు కొత్త కాదు. పిడకల దాలి మీద పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పాలు కాగిన ఇళ్లు మనవి. ఈ కుక్కర్ కరెంటు దాలి, అంతే.

నాటుకోడికి నిజానికి ఇది చక్కగా సరిపోతుంది. వయసు పెరిగేకొద్దీ కోడిలో కొలాజెన్ గట్టిపడుతుంది కాబట్టి బ్రాయిలర్ కంటే ఎక్కువసేపు కావాలి. లో మీద 8 గంటలు పెట్టి చూడండి, ముదురు కోడైతే ఇంకా పడుతుంది. పులుసులాగా చింతపండు పోయాలనుకుంటే మాత్రం ఆఖర్న పోయండి. పులుపు ముందే పడితే ఉర్లగడ్డ, క్యారెట్ మెత్తబడటానికి చాలాసేపు పడుతుంది. మా చిత్తూరు వైపు ఇంట్లో చేసినప్పుడు ఈ స్టూ రాగి సంగటితోనే తింటాం. రొట్టెతో తినాలన్న నియమం ఏమీ లేదు.

అపోహ: పుట్టగొడుగులు కడగకూడదు. ఎక్కువసేపు ఉడికితే గుజ్జయిపోతాయి.

వాస్తవం: కడగొచ్చు. కుళాయి కింద గబగబా కడిగి, బట్ట మీద ఆరబెడితే అవి పీల్చే నీళ్లు లెక్కలోకి రావు. గిన్నెలో నానబెట్టడమే వద్దు. గుజ్జవడం గురించి బెంగే అక్కర్లేదు. కూరగాయల గోడలు వేడికి కరిగినట్టు పుట్టగొడుగు గోడలు కరగవు. అవి కైటిన్‌తో కట్టినవి, రొయ్య పెంకులో ఉండే పదార్థమే అది. గంటలు ఉడికినా ముక్క ముక్కగానే ఉంటుంది. దాని వాసన మాత్రం రసంలోకి దిగిపోతుంది.

అందుకే నేను వాటిని రెండు భాగాలు చేస్తాను. వెడల్పు మూకుడులో నూనె లేకుండా, ఉప్పు వేయకుండా పెద్ద మంట మీద వేయండి. కాసేపటికి నీళ్లు ఊరతాయి, మూకుడంతా తడి అవుతుంది. మనవాళ్లు చాలామంది అక్కడే దించేస్తారు. ఆగండి. ఆ నీళ్లు ఇగిరి, చిటపటలు మొదలై, ముక్కల అంచులు ఎర్రబడాలి. అప్పుడు కొంచెం వెన్న, ఉప్పు, దంచిన మిరియాలు వేసి దించండి. సగం మొదట్లోనే చికెన్‌తో పాటు, మిగతా సగం ఆఖరి అరగంటలో. మొదటి సగం రసానికి, రెండో సగం పంటికి.

బటన్ పుట్టగొడుగే ఉండాలనేం లేదు. మిల్కీ పుట్టగొడుగు ఇంకా గట్టిగా ఉంటుంది, వేడి ప్రాంతాల్లో పెరిగేది కాబట్టి మన వాతావరణానికి నప్పుతుంది. కొనేటప్పుడు జిగురుగా ఉందా, వాసన వస్తోందా చూడండి. చిన్న చిన్న గోధుమ మచ్చలుంటే ఏం కాదు.

ఒక్క విషయంలో మాత్రం నేను రాజీ పడను. వానలు పడ్డాక గట్ల మీద, పుట్టల దగ్గర మొలిచినవి తెచ్చి, వెండి చెంచా నల్లబడలేదు, పురుగులు తిన్నాయి, కాబట్టి మంచివే అంటారు. ఈ పరీక్షలేవీ పనిచేయవు. కొన్ని పుట్టగొడుగుల్లో ఉండే, ప్రాణం తీసే అమాటాక్సిన్లు అనే విషాలు వేడికి చెడవు, ఆరు గంటలు ఉడికించినా అలాగే ఉంటాయి. వాంతులు, విరేచనాలు తిన్న ఆరు గంటలకో, ఇంకా ఆలస్యంగానో మొదలై, మధ్యలో తగ్గినట్టు కనిపించి, ఆ తర్వాత లివర్ దెబ్బతింటుంది. వంటకు పెంచి అమ్మినవే వాడండి.

అపోహ: లో మీద పెడితే సరిగ్గా ఉడకదు, హై మీదే క్షేమం.

వాస్తవం: చాలా మోడళ్లలో రెండూ చివరికి మరుగు దగ్గరికే చేరతాయి. హై తొందరగా చేరుతుంది, లో నెమ్మదిగా. అసలు ప్రమాదం గడ్డకట్టిన చికెన్‌ను ఫ్రీజర్‌లోంచి నేరుగా వేయడంలో ఉంది. 5 నుంచి 60 డిగ్రీల మధ్య సూక్ష్మజీవులు వేగంగా పెరుగుతాయి. గడ్డకట్టిన ముక్క ఆ మధ్యలోనే గంటలు గడుపుతుంది. ముందురోజు రాత్రి ఫ్రిజ్ కింది అరలో పెట్టి కరగనివ్వండి. థర్మామీటర్ ఉంటే ముక్క మధ్యలో 74 డిగ్రీలు దాటిందా చూడండి. ఉర్లగడ్డ, క్యారెట్ చికెన్ కంటే నెమ్మదిగా ఉడుకుతాయి. వాటిని అంగుళం ముక్కలుగా కోసి అడుగున పరవండి, చికెన్ పైన.

మూత అస్తమానం తీయొద్దు. తీసిన ప్రతిసారీ పోయిన వేడి తిరిగి రావడానికి 20 నిమిషాలకు పైనే పడుతుంది. పాలు, మీగడ, కొబ్బరిపాలు ముందే పోస్తే విరుగుతాయి, ఆఖరి పావుగంటలో పోయండి. కొత్తిమీర దించాక.

అపోహ: పెరటాసిలో (సెప్టెంబరు, అక్టోబరుల్లో వచ్చే తమిళ నెల) చికెన్ బదులు రాజ్మా వేసుకుంటే అయిపోతుంది.

వాస్తవం: మనవైపు ఆ నెలలో మాంసం ముట్టని ఇళ్లు ఎన్నో, కాబట్టి ఈ ప్రశ్న ప్రతి ఏడూ వస్తుంది. పచ్చి రాజ్మాను, నానబెట్టినదైనా సరే, నేరుగా స్లో కుక్కర్‌లో వేయకండి. అందులో ఉండే లెక్టిన్ అనే విషపదార్థం బాగా మరిగితేనే పోతుంది. సన్నటి వేడికి పోకపోగా ఎక్కువయ్యే అవకాశం ఉంది. నాలుగు గింజలు తిన్నా వాంతులవుతాయి. రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో ప్రెషర్ కుక్కర్‌లో మెత్తగా ఉడికించాకే స్టూలో కలపండి. ఈ గొడవంతా ఎందుకనుకుంటే ఉడికించిన సెనగలు వేసుకోండి.

అపోహ: అన్ని గంటలంటే కరెంటు బిల్లు పేలిపోతుంది.

వాస్తవం: 200 వాట్ల కుక్కర్ ఆరు గంటలు నడిస్తే 1.2 యూనిట్లు. అంతే.

కరెంటు పోవడం గురించి మాత్రం ఆలోచించాలి. నాబ్ ఉన్న మోడల్ కరెంటు రాగానే మళ్లీ మొదలవుతుంది. డిజిటల్ వాటిలో చాలావరకు ఆగిపోయి అలాగే ఉండిపోతాయి. మీరు ఇంట్లో ఉంటే వెంటనే పొయ్యి మీదకు మార్చి వంట పూర్తి చేయండి. బయట ఉన్నప్పుడు పోయి, ఎంతసేపు పోయిందో తెలియకపోతే, చూడటానికి బాగున్నా పారేయండి. మన ఎండల్లో అది తినే తిండి కాదు.

అపోహ: పుట్టగొడుగుల కూర మళ్లీ వేడి చేయకూడదు.

వాస్తవం: సరిగ్గా దాస్తే చేయొచ్చు. స్టూను స్లో కుక్కర్ మందపాటి గిన్నెలోనే వదిలేస్తే చల్లబడటానికి చాలాసేపు పడుతుంది. లోతు తక్కువున్న స్టీలు గిన్నెల్లోకి తీసి రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టండి, మూడు రోజుల్లోపు తినేయండి. మళ్లీ వేడి చేయడానికి స్లో కుక్కర్ వాడకండి, అది వేడెక్కేసరికి పుణ్యకాలం గడిచిపోతుంది. మర్నాటికి ఉర్లగడ్డ రసం పీల్చుకుని స్టూ గట్టిపడి ఉంటుంది. అర కప్పు వేడినీళ్లు పోసి, పొయ్యి మీద ఒక పొంగు రానిచ్చి, మిరియాల పొడి ఇంకాస్త చల్లి వడ్డించండి.