లెస్టర్ పాప పాస్‌పోర్టు సంగతి

చిన్నికి, బుజ్జికి తాతయ్య ఆశీస్సులు.

మావయ్య కూతురు ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో పుట్టినా దానికి ఇండియా పాస్‌పోర్టే ఎందుకు వచ్చిందని అడిగారు కదా. ఫోన్లో చెబితే మీ అమ్మ మధ్యలో దూరి నన్ను మాట్లాడనివ్వదు. అందుకే రాస్తున్నాను.

ఒకప్పుడు ఆ దేశంలో పుడితే దాదాపు అందరూ బ్రిటిష్ పౌరులే. 1981లో కొత్త చట్టం చేసి, 1983 జనవరి 1 నుంచి అమల్లో పెట్టారు. అప్పట్నుంచి బిడ్డ పుట్టేనాటికి అమ్మానాన్నల్లో ఒకరైనా బ్రిటిష్ పౌరులై ఉండాలి, లేదా అక్కడ శాశ్వతంగా ఉండే అనుమతి ఉండాలి. పాప పుట్టినప్పుడు మావయ్య, అత్తయ్య వర్క్ వీసా మీదే ఉన్నారు. అదే రోజు పక్క మంచం మీద పుట్టిన పిల్ల బ్రిటిష్ అయ్యుండొచ్చు, మన పిల్ల కాలేదు. రేపు మావయ్యకు శాశ్వత అనుమతి వస్తే, ఫీజు కట్టి పాపను పౌరురాలిగా రిజిస్టర్ చేయించొచ్చు. ఆ అనుమతి రాకపోయినా, పుట్టిన దగ్గర్నుంచి పదేళ్ళు అక్కడే పెరిగితే దానికే సొంతంగా ఆ హక్కు వస్తుంది.

ఎవరు బ్రిటిష్ అనేది అక్కడి పార్లమెంటు ఎప్పటికప్పుడు తేలుస్తూ వచ్చిన విషయం. ఆ లెక్కలో మనవాళ్ళూ ఉండేవారు. మా నాన్నది జగ్గయ్యపేట, అంటే మద్రాసు ప్రెసిడెన్సీ. కాబట్టి ఆయన పుట్టుకతోనే బ్రిటిష్ సబ్జెక్టు, అంటే ఆ రాజుగారి ప్రజ. మా అమ్మ పుట్టిల్లు కోదాడ, నిజాం రాజ్యం. సంస్థానాల జనం సబ్జెక్టుల కిందికి రారు, బ్రిటిష్ రక్షణలో ఉన్నవాళ్ళు మాత్రమే. రెండు ఊళ్ళకీ మధ్య ఇవాళ గంట ప్రయాణం కూడా లేదు. 1914 చట్టం ప్రకారం భర్త ఏదైతే భార్యా అదే. అంటే తాళి కట్టించుకున్న రోజునే మా అమ్మ బ్రిటిష్ సబ్జెక్టు అయిపోయింది. పాపం, ఆ సంగతి ఆవిడకి చచ్చేదాకా తెలీదు!

ఈ హోదాతోనే దాదాభాయి నౌరోజీ 1892లో లండన్‌లోని ఫిన్స్‌బరీ నుంచి గెలిచి వాళ్ళ పార్లమెంటులో కూర్చున్నాడు. 1948 చట్టమైతే కామన్వెల్త్ దేశాల వాళ్ళందరికీ తలుపులు తీసే ఉంచింది. ఆ తర్వాతే ఒక్కో తలుపూ మూస్తూ వచ్చారు. నాకు అన్నిటికంటే దారుణం అనిపించేది 1968 సంగతి. కెన్యాలోని చాలామంది భారతీయుల చేతిలో ఉన్నది సాక్షాత్తూ బ్రిటిష్ పాస్‌పోర్టు. వాళ్ళు వచ్చేస్తారని భయపడి, తమకో అమ్మానాన్నలకో తాతయ్య అమ్మమ్మలకో బ్రిటన్‌తో పుట్టుక సంబంధం లాంటిది లేకపోతే స్వేచ్ఛగా రానివ్వకూడదని మూడు రోజుల్లో చట్టం చేసేశారు. 1972లో ఉగాండా నియంత ఇదీ అమీన్ అక్కడి భారతీయుల్ని తరిమినప్పుడు, మావయ్య ఉన్న లెస్టర్ కౌన్సిలే ఉగాండా పేపర్లో ప్రకటన వేయించింది, మా ఊరు రావద్దని. అయినా వచ్చారు. ఇప్పుడు ఆ ఊళ్ళో బెల్‌గ్రేవ్ రోడ్డు మీద దీపావళి చూడ్డానికి ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. మావయ్య అద్దెకుంటున్న ఇంటి ఓనరు కూడా అలా వచ్చిన గుజరాతీయే.

కాగితం ఉన్నంత మాత్రాన మనసులో కూడా అదే ఉంటుందనుకోకండి. మనం అందర్నీ ఇంగ్లీషువాళ్ళనేస్తాం. గ్లాస్గోలో ఎవరినైనా అలా అని చూడండి! ఒలింపిక్స్‌లో ఒకే జట్టు, ఫుట్‌బాల్ వరల్డ్ కప్‌కి మాత్రం ఇంగ్లండ్, స్కాట్లండ్, వేల్స్, నార్తర్న్ ఐర్లండ్ ఎవరి జట్టు వాళ్ళదే. నార్తర్న్ ఐర్లండ్‌లో పుట్టినవాళ్ళు బ్రిటిష్ అనుకోవచ్చు, ఐరిష్ అనుకోవచ్చు, రెండూ అనుకోవచ్చు. బ్రిటన్, ఐర్లండ్ చేసుకున్న 1998 శాంతి ఒప్పందంలోనే అలా రాసుకున్నారు. ఎన్ని గొడవల తర్వాత వచ్చిందో గానీ, తెలివైన పని.

ఇంకో విచిత్రం. 2024 జూలై ఎన్నికల్లో మావయ్య అక్కడ ఓటేశాడు, బూత్‌లో మన ఇండియా పాస్‌పోర్టు చూపించి. కామన్వెల్త్ పౌరులు అక్కడ సక్రమంగా నివసిస్తూ ఓటరుగా నమోదైతే ఓటు వేయొచ్చు, ఆ పాత రోజుల నుంచి మిగిలిన తలుపు అదొకటి. ఇక్కడ మన ఊరి జాబితాలోనూ ఆయన పేరుంది. కాకపోతే స్వయంగా వచ్చి వేయాలి. రేపు బ్రిటిష్ పౌరసత్వం తీసుకుంటే మన పౌరసత్వం పోతుంది, రెండూ పెట్టుకోనివ్వరు. విదేశీ పౌరులైన మనవాళ్ళకిచ్చే ఓసీఐ కార్డు తీసుకుంటే వీసా లేకుండా రావొచ్చు, ఉండొచ్చు. ఓటు మాత్రం ఉండదు. అమ్మమ్మ ససేమిరా అంటోంది. మావయ్య ఇంకా ఏదీ తేల్చుకోలేదు.

మీ తాతయ్య