చెప్పిందెవరు?

రాత్రిపూట పక్కింటి గోడ దగ్గర ఎవరో తచ్చాడుతుంటే ఫోన్ చేతిలోకి తీసుకుని, మళ్లీ పక్కన పెట్టేసేవాళ్లు చాలామందే. అది బద్ధకం కాదు. "మనకెందుకొచ్చిన గొడవ? రేపు సాక్ష్యానికి తిప్పుతారు, చెప్పింది మనమేనని వాడికి తెలిస్తే?" అన్న లెక్క. ఈ లెక్కకు వందల ఏళ్ల చరిత్ర ఉంది.

మొదట్లో చెప్పాలా వద్దా అని ఆలోచించే వీలే లేదు. ఇంగ్లండులో మొదటి ఎడ్వర్డ్ రాజు 1285లో తెచ్చిన వించెస్టర్ చట్టం ప్రకారం, నేరం జరిగితే కేకలు వేయాలి, విన్నవాళ్లంతా దొంగ వెంట పడాలి. 40 రోజుల్లో దొంగను అప్పగించలేకపోతే పోయిన సొమ్ముకు ఆ ప్రాంతంవాళ్లంతా బాధ్యులు. రహదారికి అటూ ఇటూ 200 అడుగుల మేర పొదలు కొట్టేయాలని కూడా అందులో రాశారు, దొంగలు నక్కడానికి చోటు ఉండకూడదని. వీధి దీపం వెలగట్లేదని ఇవాళ మనం పెట్టే ఫిర్యాదుకు ఇది ముత్తాత అనుకోవచ్చు.

నగరాలు పెరిగి, ఎవరికెవరూ తెలియని చోట కేక పనిచేయలేదు. అప్పుడు డబ్బు ఆశ చూపారు. దారిదోపిడీ దొంగకు శిక్ష పడేలా చేస్తే 40 పౌండ్లు ఇస్తామని 1692లో ఒక చట్టం వచ్చింది. లండన్‌లో జోనథన్ వైల్డ్ అనేవాడు దీన్ని వ్యాపారం చేసుకున్నాడు. దొంగల ముఠాను నడిపేదీ తనే, పోయిన సొత్తు "వెతికిపెట్టి" డబ్బు పుచ్చుకునేదీ తనే, మాట వినని దొంగను పట్టించి బహుమానం కొట్టేసేదీ తనే. 1725లో వాణ్ని ఉరితీశారు. పేరు దాచే పద్ధతికీ చిక్కులు తప్పలేదు. వెనిస్‌లో రహస్య ఫిర్యాదులు వేయడానికి గోడల్లో సింహపు నోళ్లు చెక్కించారు. సంతకం లేని ఉత్తరాల మీద తర్వాత ఆంక్షలు పెట్టాల్సి వచ్చింది. పగ తీర్చుకోవడానికి అంతకన్నా సులువైన దారి ఏముంటుంది?

నాకు అన్నిటికన్నా ఆసక్తిగా అనిపించేది షికాగో తాళంచెవి. 1880లో అక్కడ వీధుల్లో పోలీసు పెట్టెలు పెట్టి, పేరున్న పౌరులకు నంబరు వేసిన తాళంచెవులు ఇచ్చారు. పెట్టె తెరిచి కబురు పంపవచ్చు. కానీ తాళంచెవి అందులోనే ఇరుక్కుపోతుంది, పోలీసు వచ్చి తీస్తేనే బయటికొస్తుంది. ఎవరు పిలిచారో తెలిసిపోతుంది కాబట్టి ఉత్తుత్తి పిలుపులు ఉండవు. నిజంగా భయపడ్డవాడు ఆ పెట్టె జోలికి వెళ్తాడా అన్నది వేరే సంగతి.

ఫోన్ వచ్చాక కష్టం ఇంకో చోట మొదలైంది. 1935లో లండన్‌లోని వింపోల్ స్ట్రీట్‌లో ఇల్లు తగలబడి ఐదుగురు మహిళలు చనిపోయారు. ఫోన్ చేసిన పొరుగాయన ఎక్స్ఛేంజీ క్యూలో ఉండిపోయాడు. ఆయన పత్రికకు రాసిన ఉత్తరం దుమారం రేపింది. 1937 జూన్ 30న అక్కడ అత్యవసర ఫోన్ నంబరు 999 మొదలైంది. అమెరికాలో అలాంటి నంబరైన 911కు మొదటి కాల్ 1968 దాకా రాలేదు.

అంతకు నాలుగేళ్ల ముందు న్యూయార్క్‌లో ఒక యువతి హత్య జరిగితే, 38 మంది చూస్తూ కూడా పోలీసులకు చెప్పలేదని ఒక పెద్ద పత్రిక రాసింది. పొరుగువాళ్ల ఉదాసీనతకు ఆ సంఖ్య గుర్తుగా నిలిచిపోయింది. అంతమంది చూడలేదని, కథనంలో అతిశయం ఉందని అదే పత్రిక 2016లో ఒప్పుకుంది. పోలీసులకు ఫోన్ చేశామని చెప్పినవాళ్లూ ఉన్నారు. తప్పంతా జనం మీదకు నెట్టేయడం ఎంత తేలికో!

1976లో అమెరికాలోని అల్బుకర్కీ పోలీసు డిటెక్టివ్ గ్రెగ్ మెకలీస్, ఒక హత్య కేసులో ఆధారాలు దొరక్క, ఘటనను నటింపజేసి టీవీలో చూపించాడు. సమాచారం ఇస్తే బహుమానం, పేరు చెప్పక్కర్లేదు అన్నాడు. క్రైమ్ స్టాపర్స్ అనే పథకం అలా పుట్టింది. ఫోన్ చేసినవాళ్లకు పేరు బదులు ఒక కోడ్ నంబరు ఇస్తారు. షికాగోలో తాళంచెవి మీద కూడా నంబరే ఉండేది, మనిషిని గుర్తుపట్టడానికి.