మిడతల బొమ్మలో హెలికాప్టర్ లేదు

యూరప్ మధ్యయుగపు చిత్రకళ గురించి పాఠాలు చెప్పుకుని బతికేవాణ్ని. లోకాంతం బొమ్మలు చూపించిన ప్రతిసారీ ఒకరైనా ఫోన్ పట్టుకుని వస్తారు. మొన్న ఒక పెద్దావిడ వచ్చారు. "మాస్టారూ, వెయ్యేళ్ల కిందటే హెలికాప్టర్లు గీశారంట. అంతం ఈ ఏడాదేనంట, నిజమేనా?" కాసేపాగి అసలు సంగతి చెప్పారు. మనవరాలికి ఇంజినీరింగ్ ఫీజు కట్టడం దండగేమోనని ఇంట్లో గొడవట. నెల రోజులుగా ఆవిడకి నిద్ర లేదు.

ఆవిడ మీద నాకు కోపం రాలేదు. ఆ ఫార్వర్డ్ తయారుచేసినవాడి మీద వచ్చింది.

అపోహ: చిత్రకారుడు మన కాలాన్ని ముందే చూసి గీశాడు.

ఆ బొమ్మ స్పెయిన్‌ది. 8వ శతాబ్దంలో బెయాటుస్ అనే సన్యాసి, బైబిల్లో చివరిదైన ప్రకటన గ్రంథానికి వ్యాఖ్యానం రాశాడు. తర్వాత వందల ఏళ్లపాటు దానికి బొమ్మలతో ప్రతులు చేస్తూ వచ్చారు. ఫోన్‌లో హెలికాప్టర్ అంటున్నది అలాంటి ఒక ప్రతిలోని మిడతల బొమ్మ. "ప్రకటన తొమ్మిదో అధ్యాయంలో మిడతలు ఎలా ఉంటాయమ్మా?" అని అడిగాను. పుస్తకం తెరవకుండానే గడగడా చెప్పేశారు: తలల మీద కిరీటాలు, మనుషుల ముఖాలు, ఆడవాళ్ల జుట్టు, సింహపు పళ్లు, తేలు తోకలు. ఒక్కోటీ బొమ్మలో వేలు పెట్టి చూపించాను. మాట ఉన్నచోట బొమ్మ ఉంది, అంతే. వాళ్లు చెప్పే ఫ్యాను రెక్కలు మిడత రెక్కలే.

ఇక తేదీ సంగతి. క్రీ.శ. 800 నాటికి ప్రపంచం పుట్టి ఆరు వేల ఏళ్లు నిండి, లోకం గడువు ముగుస్తుందని బెయాటుసే లెక్కగట్టాడు. 800 వచ్చింది, పోయింది. ఈరోజు మనకు మిగిలిన బొమ్మల ప్రతులన్నీ ఆ గడువు దాటాక చేసినవే! గడువు తప్పిన పుస్తకాన్ని అంత ఖర్చుపెట్టి, తోలు కాగితాల మీద మళ్లీ మళ్లీ ఎందుకు రాయించుకున్నారు? వాళ్లు దాన్ని క్యాలెండర్‌లా చదవలేదు కాబట్టి. మఠంలో కూర్చుని ధ్యానం చేసుకోవడానికి చదివారు. బొమ్మలో ఏడాది వెతికేవాళ్లకు నేను చెప్పేది ఇదొక్కటే, వందసార్లయినా చెబుతాను.

మిగతావి గబగబా చెప్పేస్తాను. క్రీ.శ. 1000లో లోకాంతం వస్తుందని యూరప్ అంతా పనులు మానేసి వణికిపోయిందనే కథ 19వ శతాబ్దంలో బాగా ప్రచారమైంది. ఆ స్థాయి గగ్గోలుకు గట్టి ఆధారాల్లేవు. ఇవన్నీ మగ సన్యాసులే గీశారనేదీ తప్పు. స్పెయిన్‌లోని హెరోనా పట్టణంలో ఉన్న 975 నాటి బెయాటుస్ ప్రతిలో ఒక చిత్రకారిణి సంతకం ఉంది. చర్చి గుమ్మాల మీద చెక్కిన తీర్పు దినం వేరు, ప్రకటన గ్రంథం బొమ్మలు వేరు. మొదటిదానికి బైబిల్లో మత్తయి సువార్త 25వ అధ్యాయం చూడండి.

అపోహ: ఇవన్నీ జనాన్ని భయపెట్టడానికే.

భయం లేదని అనను. కానీ ఫ్రాన్స్‌లోని ఆంజేకి వెళ్లినప్పుడు నాకు అర్థమైంది వేరు. అక్కడి కోటలో ప్రకటన గ్రంథం మొత్తాన్నీ నేసిన వస్త్రం ఉంది. 1370లలో ఆంజూ ప్రభువు మొదటి లూయీ నేయించాడు. ఇప్పటికీ వంద మీటర్లు మిగిలింది. బయట నూరేళ్ల యుద్ధం, అప్పుడప్పుడూ ప్లేగు. ఏడు తలల మృగం దాటి, కూలిన బబులోను దాటి నడుస్తూ పోతే చివర్లో కన్నీళ్లు లేని నగరం, కొత్త యెరూషలేము కనిపిస్తుంది. అక్కడికొచ్చేసరికి నాకు కాళ్లు నొప్పులు, మనసు మాత్రం తేలికైంది. (ఫ్రెంచి విప్లవం తర్వాత ఇంత గొప్ప పనితనాన్నీ ముక్కలు చేసి, నారింజ చెట్లకు చలి తగలకుండా కప్పారు. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.)

ఆ పెద్దావిడకి ఆఖర్న ఫ్రాన్స్‌లోని రీమ్స్ కెథడ్రల్ (పెద్ద చర్చి) మీది తీర్పు దినం శిల్పం చూపించాను. దయ్యం ఒక గొలుసుతో పాపుల్ని కాగు వైపు లాక్కుపోతూ ఉంటుంది. ఆ వరసలో కిరీటంతో రాజున్నాడు, టోపీతో బిషప్పున్నాడు. అది చెక్కింది చర్చి గోడ మీదే.

"బిషప్పు కూడానా?" అని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వారు. ఫోన్ నా చేతికిచ్చి, "ఇది కూడా ఆ గ్రూపులో పెట్టండి మాస్టారూ, నాకు పెట్టడం రాదు" అన్నారు.