కంప్యూటరు స్టార్ట్ కాకపోతే ఫార్మాట్ చేయాలా? అపోహలు - వాస్తవాలు

ఇంట్లోని పాత కంప్యూటరు మొరాయించిందని నా దగ్గరకు వచ్చేవారిలో చాలామంది లోపం ఏమిటని అడగరు. చేయవలసిన వైద్యాన్ని కూడా ముందే నిర్ణయించుకుని వస్తారు. “ఒకసారి ఫార్మాట్ చేసేయండి, సరిపోతుంది” అంటారు, అంటే డిస్కులో ఉన్నదంతా తుడిచేసి విండోస్‌ను మళ్లీ ఎక్కించమని. ఆ మాటను ఎవరో ఎంతో నమ్మకంగా వారి చెవిన వేసి ఉంటారు. మరమ్మతుల పనిలో నేను చూసిన తీరని నష్టాల్లో ఎక్కువ భాగానికి ఈ ఒక్క మాటే మూలం కనుక, దీని గురించే కాస్త వివరంగా రాస్తున్నాను.

అపోహ: కంప్యూటరు స్టార్ట్ కాలేదంటే విండోస్ పాడైనట్టే, ఫార్మాట్ చేస్తే బాగవుతుంది.

వాస్తవం: పవర్ బటన్ నొక్కిన తరువాత విండోస్ వంతు వచ్చేది చిట్టచివర. ముందుగా ఎస్ఎంపీఎస్ (ఇంటి కరెంటును కంప్యూటరుకు తగినట్టు మార్చి ఇచ్చే డబ్బా) 12, 5, 3.3 వోల్టుల సరఫరాలను నిలకడగా అందించి, అంతా సవ్యంగా ఉందని మదర్‌బోర్డుకు (భాగాలన్నిటినీ కలిపే పెద్ద సర్క్యూట్ బోర్డుకు) సంకేతం పంపాలి. ఆపైన ప్రాసెసర్ పని మొదలుపెట్టి, మదర్‌బోర్డు మీది చిప్‌లో ఉండే తొలి ప్రోగ్రాం అయిన బయోస్‌లోని ఆదేశాలను చదవాలి. బయోస్ ర్యామ్‌ను (తాత్కాలిక మెమరీని), గ్రాఫిక్స్‌ను పరీక్షించి, హార్డ్ డిస్కును గుర్తించి, అందులోని బూట్ సమాచారాన్ని అందుకోవాలి. విండోస్ లోడ్ కావడం అప్పుడు మొదలవుతుంది. బటన్ నొక్కినా ఉలుకూ పలుకూ లేకపోయినా, ఆగకుండా బీప్ శబ్దాలు వస్తున్నా, తెర మీద కంపెనీ లోగో కూడా రాకపోయినా, ఆ యంత్రం ఇంకా విండోస్ గడప తొక్కనేలేదు. అటువంటప్పుడు ఫార్మాట్ ఊసే అనవసరం.

అసలు ప్రమాదం లోగో వచ్చి, ఆ తరువాత ఆగిపోయే యంత్రాలతో వస్తుంది. అక్కడ ఫార్మాట్ చేయడం సాధ్యమే కాబట్టి, చేసేస్తారు. ఒక సంగీతం టీచరుగారి కంప్యూటరు సరిగ్గా ఈ స్థితిలో నా దగ్గరకు వచ్చింది. లోగో వస్తుంది, ఒక క్షణం తరువాత నీలి తెర మీద ‘ఇనాక్సెసిబుల్ బూట్ డివైస్’ (విండోస్ ఉన్న డిస్కు అందడం లేదు) అని కనిపిస్తుంది, యంత్రం మళ్లీ మొదటికి వస్తుంది. హార్డ్ డిస్కు పోయిందని, ఫార్మాట్ చేసి చూడడం తప్ప మార్గం లేదని ఆమెకు అప్పటికే ఒకచోట చెప్పారు. ఆ డిస్కులో ఆమె ఏళ్ల తరబడి రికార్డు చేసుకున్న పాఠాలన్నీ ఉన్నాయి, మరోచోట ప్రతి లేదు. నేను బయోస్ తెరిచి ముందుగా చూసింది తేదీని. అది ఎన్నో సంవత్సరాలు వెనక్కి వెళ్లి ఉంది. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లలా ఉండే సీఆర్2032 సెల్లును మీటరుతో కొలిస్తే, 3 వోల్టులు ఉండవలసిన చోట 2 దాటి కాస్త చూపించింది. సెల్లు నీరసించడంతో బయోస్ తన సెట్టింగులన్నీ మరచిపోయి, సాటా మోడ్‌ను, అంటే డిస్కుతో మాట్లాడే పద్ధతిని, ఏహెచ్‌సీఐ నుంచి పాత ఐడీఈకి మార్చుకుంది. విండోస్‌ను ఎక్కించినప్పుడు ఉన్న మోడ్ వేరు, ఇప్పుడున్న మోడ్ వేరు కావడంతో, ఏ లోపమూ లేని డిస్కు కూడా దానికి అందలేదు. కొత్త సెల్లు వేసి, తేదీ సరిచేసి, ఆ ఒక్క మోడ్‌ను తిరిగి మార్చగానే డెస్క్‌టాప్ వచ్చింది, ఫోల్డర్లన్నీ యథాతథంగా ఉన్నాయి. ఆమె అప్పటిదాకా నిలబడే ఉన్నారు, అప్పుడు కూర్చున్నారు.

నెలల తరబడి ప్లగ్ తీసేసి పక్కన పెట్టిన కంప్యూటర్లలో ఈ లోపం తరచుగా కనిపిస్తుంది, ఎందుకంటే ప్లగ్ ఉన్నంతసేపు ఎస్ఎంపీఎస్ ఇచ్చే స్టాండ్‌బై కరెంటే గడియారాన్ని నడుపుతుంది, ప్లగ్ తీసేస్తే ఆ భారమంతా సెల్లు మీద పడుతుంది. ‘సీమాస్ చెక్‌సమ్ ఎర్రర్’ (బయోస్ సెట్టింగులు చెడ్డాయని) అనే సందేశం, ఎఫ్1 నొక్కమనే సూచన, తప్పు తేదీ కనిపిస్తే ముందు సెల్లునే అనుమానించండి.

ఫార్మాట్ చేసినా తరువాత రికవరీ చేయించుకోవచ్చని ధీమాగా ఉండేవారు కూడా ఉన్నారు. క్విక్ ఫార్మాట్‌లో ఫైళ్ల పట్టిక మాత్రమే కొత్తగా తయారవుతుంది, పాత సమాచారం చాలావరకు డిస్కు మీదే ఉంటుందన్నది నిజమే. కానీ వెంటనే దాని మీద కొత్త విండోస్ ఎక్కిస్తే, ఎన్నో గిగాబైట్ల కొత్త రాత పాత ఫైళ్ల మీద పడుతుంది. విండోస్ విస్టా నుంచి పూర్తి ఫార్మాట్ డిస్కు అంతటా సున్నాలు రాస్తుంది, ఆ తరువాత వెతకడానికి ఏమీ మిగలదు. ఎస్ఎస్‌డీ (తిరిగే పలకలు లేని, చిప్‌లతో చేసిన డిస్కు) అయితే, ఖాళీ అయిన చోటును చెరిపేయించే ట్రిమ్ ఆదేశం వల్ల క్విక్ ఫార్మాట్ తరువాత కూడా సాధారణంగా ఆశ ఉండదు.

కంప్యూటరు చచ్చిపోయినంత మాత్రాన డిస్కు చచ్చిపోదు. కరెంటు పూర్తిగా తీసేసి, డిస్కును విప్పి, సాటా నుంచి యూఎస్‌బీకి మార్చే అడాప్టరుతో మరో కంప్యూటరుకు తగిలిస్తే చాలా సందర్భాల్లో ఫోటోలు, పత్రాలు కాపీ చేసుకోవచ్చు. డెస్క్‌టాప్‌లలో వాడే 3.5 అంగుళాల డిస్కుకు 12 వోల్టుల కరెంటు కూడా కావాలి కనుక విడిగా పవర్ ఉన్న అడాప్టరు తీసుకోండి. తగిలించినప్పుడు ‘ఈ డిస్కును వాడాలంటే ఫార్మాట్ చేయాలి’ అని విండోస్ అడగవచ్చు. దయచేసి క్యాన్సిల్ నొక్కండి. కంగారులో ‘సరే’ నొక్కి, నా దగ్గరకు కన్నీళ్లతో వచ్చినవారు ఉన్నారు. వారిని తప్పుపట్టలేను, యంత్రం అడిగింది కాబట్టి చేశారు. బిట్‌లాకర్ (డిస్కుకు విండోస్ వేసే తాళం) ఉన్న డిస్కు అయితే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది, అది చాలామందికి వారి మైక్రోసాఫ్ట్ ఖాతాలో దొరుకుతుంది.

డిస్కు టక్‌టక్‌మని శబ్దం చేస్తుంటే మాత్రం కథ వేరు. మళ్లీ మళ్లీ ఆన్ చేసి చూడకండి, చెక్‌డిస్క్ (డిస్కులోని తప్పులను వెతికే విండోస్ సాధనం) నడపకండి. ఫ్రీజరులో పెడితే పనిచేస్తుందనే ప్రచారం ఇంకా ఎందుకు బతికి ఉందో నాకు అర్థం కాదు: బయటకు తీయగానే తేమ పడుతుంది, ఆ తేమ డిస్కు పలకలను చెడగొడుతుంది. రీడింగ్ హెడ్‌కూ పలకకూ మధ్య ఖాళీ కొన్ని నానోమీటర్లే కనుక, ఇంట్లో మూత విప్పి చూడడం కూడా అంతే హానికరం. అందులో ఉన్నది విలువైనదైతే నేరుగా డేటా రికవరీ చేసేవారికే ఇవ్వండి.

మిగిలిన అపోహలు ఇంత నష్టం చేయవు. ఫ్యాన్ తిరుగుతోంది కాబట్టి ఎస్ఎంపీఎస్ బాగుందనుకోవద్దు. ఫ్యాన్‌కు 12 వోల్టులు చాలు, 5 లేదా 3.3 వోల్టుల సరఫరా పడిపోయినా అది తిరుగుతూనే ఉండవచ్చు. బీప్‌లు వస్తే మదర్‌బోర్డు పోయిందని తీర్మానించేముందు, ప్లగ్ తీసి, ర్యామ్‌ను ఊడదీసి, బంగారు రంగు అంచును మెత్తని రబ్బరుతో తుడిచి మళ్లీ బిగించి చూడండి. వైరస్ వల్ల కరెంటే రావడం లేదన్నది దాదాపు ఎప్పుడూ నిజం కాదు; 1999 ఏప్రిల్ 26న సీఐహెచ్ వైరస్ కొన్ని కంప్యూటర్ల బయోస్‌నే చెరిపేసిన మాట వాస్తవమే గానీ, అది అరుదైన ఘటన. విండోస్ 10కి మద్దతు 2025 అక్టోబరు 14న ముగిసింది కాబట్టి ఆ కంప్యూటర్లు ఇక ఆన్ కావన్నది ఒట్టి పుకారు. ఆగిపోయినవి మామూలుగా వచ్చే భద్రతా అప్‌డేట్లు. యంత్రం మునుపటిలాగే స్టార్ట్ అవుతుంది.

ఒక్క పని మాత్రం ఎవరూ చేయవద్దు: ఎస్ఎంపీఎస్ డబ్బాను విప్పకండి. అందులోని పెద్ద కెపాసిటర్లలో ప్లగ్ తీసిన తరువాత కూడా ప్రాణాంతకమైన వోల్టేజీ నిలిచి ఉండవచ్చు. అది పోయిందని తేలితే మొత్తంగా మార్చేయాలి, హార్డ్ డిస్కును అలాగే ఉంచుకోవాలి.