మన పట్నం, చైనా పట్నం: శ్రామికుల లెక్కల్లో అపోహలు – వాస్తవాలు

బెంగళూరులో నా పని శ్రామిక గణాంకాలతోనే. ఈమధ్య మా టీములో కొత్తగా చేరిన కుర్రాడు మీటింగులో ఒక స్లైడు చూపించాడు. నిరుద్యోగం మన దేశంలో 3.2 శాతం, చైనాలో 5.1 శాతం. అందరూ తలూపారు. రెండు అంకెలూ నిజమే, పక్కపక్కన పెట్టడమే తప్పు.

అపోహ: నిరుద్యోగంలో మనం చైనా కంటే మెరుగు.

చైనా నెలనెలా ప్రకటించేది పట్టణాల నిరుద్యోగం మాత్రమే. 2024 సగటు 5.1 శాతం. పల్లెలు అందులో లేవు. మన 3.2 శాతమేమో 2023-24 పీఎల్‌ఎఫ్‌ఎస్‌లో, అంటే ప్రభుత్వం దేశమంతటా చేసే శ్రామిక సర్వేలో, పల్లెనూ పట్నాన్నీ కలిపిన అంకె. విడదీస్తే పల్లెల్లో 2.5, పట్టణాల్లో 5.1. పట్నం పక్కన పట్నాన్ని పెట్టేసరికి తేడా మాయమైంది.

ఇక్కడితో ఆగకూడదు. మన 5.1 ఏడాది మొత్తం మీద తీసిన లెక్క. ఎక్కువ కాలం చేసిన పని అడుగుతారు, ఆపైన కనీసం 30 రోజులు చేసిన చిన్న పని ఉన్నా కలుపుకుంటారు. చైనా అడిగేది ఒక్క వారం గురించి. మన దగ్గరా వారం లెక్క ఉంది. 2024 జులై-సెప్టెంబరులో పట్టణాల్లో అది 6.4 శాతం. అంటే 3.2తో మొదలైన అంకె 6.4 దాకా వచ్చింది, సరిగ్గా రెట్టింపు! మనం 15 ఏళ్ల నుంచి, వాళ్లు 16 నుంచి లెక్కపెడతారన్న తేడా కూడా ఉంది కానీ దానికి అంత టెన్షన్ పడక్కర్లేదు.

పల్లెల్లో 2.5 ఉంది కదా అని అక్కడ అంతా బాగుందనుకోవద్దు. ఇద్దరు చేయగలిగిన సేద్యం నలుగురు పంచుకున్నా, లెక్కలో నలుగురికీ పని ఉన్నట్టే.

అపోహ: పట్టణం అంటే ఎక్కడైనా పట్టణమే.

మన జనగణనలో మున్సిపాలిటీ, కార్పొరేషన్ లాంటివి ఉన్న ఊళ్లు నేరుగా పట్టణాలు. అవి లేని ఊరికి మూడు షరతులు: కనీసం 5,000 జనాభా, చదరపు కిలోమీటరుకు 400 మంది, మగ ప్రధాన కార్మికుల్లో (ఏడాదిలో ఆరు నెలలైనా పనిచేసినవాళ్లు) కనీసం 75 శాతం వ్యవసాయేతర పనుల్లో ఉండాలి. మూడోది గమనించండి. ఊరు పట్నమా కాదా అని తేల్చేటప్పుడు ఆడవాళ్లు చేసే పని చూడనే చూడరు. ఇది నన్ను ఎప్పుడూ బాధపెట్టే సంగతి.

మొదటి రకానికి మా ఊరే ఉదాహరణ. 2007లో బెంగళూరు నగరపాలక సంస్థగా బీబీఎంపీ ఏర్పడినప్పుడు 110 పల్లెలు నగరంలో కలిశాయి. బెళ్లందూరు అందులో ఒకటి. ఉత్తర్వుకు ముందురోజు, మర్నాడు అక్కడి మనిషి చేసిన పని అదే, కాగితం మీద మాత్రం గ్రామీణుడు పట్టణవాసి అయ్యాడు.

చైనాలో చిక్కు వేరు. 2020 జనగణన ప్రకారం అక్కడ 63.89 శాతం పట్టణ జనాభా. కానీ కుటుంబం ఏ ఊరిదో తేల్చే హుకౌ నమోదు ప్రకారం చూస్తే 45.4 శాతమే. నగరంలో ఆరు నెలలకు మించి ఉంటున్నవాళ్లను మొదటి లెక్క కలుపుకుంటుంది, రెండోది కలుపుకోదు. ఆ మధ్యలో ఉన్నది దాదాపు 26 కోట్ల మంది. మనకు హుకౌ లేదు కాబట్టి నివాసం లెక్కే తీసుకోవాలి. సంవత్సరం కూడా చూసుకోవాలి. మన పట్టణ జనాభా 31.16 శాతం అన్న అంకె 2011 జనగణన నాటిది. దాని పక్కన పెట్టాల్సింది చైనా 2010 జనగణన, అంటే సుమారు 50 శాతం.

అపోహ: చైనా వలస కార్మికులంతా మహానగరాల్లోనే ఉన్నారు.

2020లో చైనా వలస కార్మికులుగా లెక్కపెట్టిన 28.56 కోట్ల మందిలో 11.6 కోట్ల మంది సొంత ఊరి దగ్గరే పొలం మాని వేరే పని చూసుకున్నవాళ్లు.

అపోహ: పట్నంలో చదువుకున్న ఆడవాళ్లు ఎక్కువ, పనిచేసేవాళ్లూ ఎక్కువే.

2023-24లో పదిహేనేళ్లు దాటిన ఆడవాళ్లలో శ్రామిక శక్తిలో ఉన్నవాళ్లు, అంటే పనిచేస్తున్నవాళ్లూ పని వెతుకుతున్నవాళ్లూ కలిపి, పల్లెల్లో 47.6 శాతం, పట్టణాల్లో 28 శాతం. చాలామంది నమ్మరు. ఇందులో కొంత పని రకం వల్ల, కొంత మన నిర్వచనం వల్ల. ఇంటి వాడకానికి పాలు పితికినా, కూరగాయలు పండించినా మన సర్వేలో అది ఆర్థిక కార్యకలాపమే. 2013లో వచ్చిన అంతర్జాతీయ నిర్వచనంలో సొంత వాడకానికి చేసేది ఉపాధి కిందికి రాదు. ఆ నిర్వచనంతో తీసిన ఇంకో దేశం అంకెను మన అంకె పక్కన పెడితే, తేడా వచ్చేది ముందుగా పల్లె ఆడవాళ్ల దగ్గరే.

అడిగే తీరు వల్ల కూడా అంకె మారుతుంది. తొలి రోజుల్లో సర్వే కోసం ఆనేకల్ దగ్గర తెలుగు మాట్లాడే ఒక ఊరికి వెళ్లాను. గుమ్మంలో ఒకావిడ పేడ చేతులు కడుక్కుంటోంది. ఏం పని చేస్తారమ్మా అంటే, "నాకేం పనుందన్నా, ఇంట్లోనే ఉంటా" అంది. ఇంటిపని మాత్రమే చేసేవాళ్లకు కోడ్ 92. రాసేశాను. లేవబోతూ కొట్టంలో రెండు ఆవులు కనబడి మళ్లీ కూర్చున్నాను.

"పొద్దున డెయిరీకి పాలు ఎవరు పోస్తారమ్మా?"

"నేనే. ఆయన లేచేసరికి పోసి వచ్చేస్తా."

"మేత?"

"అదీ నేనే."

డబ్బు మాత్రం ఆయన ఖాతాలో పడుతుంది. 92 కొట్టేసి, ఇంటి వ్యాపారంలో జీతం లేకుండా పనిచేసేవాళ్లకిచ్చే 21 రాశాను.