మంద దగ్గరే మాంసం అమ్మకం: అపోహలు - వాస్తవాలు

గొర్రెలు పెంచుతూ, ఆదివారం మాంసాన్ని చుట్టుపక్కల కుటుంబాలకే నేరుగా అమ్ముతున్నవాడిగా, ఈ పనిలోకి రాదలచినవారి నుంచీ కొనేవారి నుంచీ నేను తరచుగా వినే మాటలను ఇక్కడ పరిశీలిస్తున్నాను.

అపోహ: దళారి తప్పుకుంటే అతని లాభమంతా రైతుకే మిగులుతుంది.

వాస్తవం: లాభంతోపాటు దళారి చేసే పని, అతను మోసే నష్టభయం కూడా రైతు మీదికే వస్తాయి. 25 కిలోల పొట్టేలును కోస్తే తల, కాళ్లు, తోలు, పేగులు పోగా బొక్కతో కలిపి చేతికి వచ్చేది సుమారు 11 నుంచి 12 కిలోల మాంసం మాత్రమే. అందులోనూ ఆ 25 కిలోలు కడుపునిండా మేసినప్పుడు తూచినవా, రాత్రంతా మేత ఆపి తూచినవా అన్నదాన్ని బట్టి లెక్క మారుతుంది. సంతలో కంటి అంచనాతో జీవాలను గంపగుత్తగా అమ్మే అలవాటున్న నేను, మొదటి నెలల్లో ఈ తేడా పట్టించుకోకుండా ధర చెప్పి చేతులు కాల్చుకున్నాను. అంతకంటే పెద్ద చిక్కు, అందరూ తొడ మాంసమే అడగడం. జీవానికి వెనుక తొడలు రెండే కదా! తలకాయ, బోటి, మెడ ఎవరు తీసుకుంటారో తేలకుండా కోస్తే మిగిలిన సరుకే లాభాన్ని తినేస్తుంది. దీనికి మన ఊళ్లలో పండుగలకు వేసే పోగుల పద్ధతిని మించిన పరిష్కారం నాకు కనిపించలేదు: కార్జం మొదలుకొని బొక్కల వరకు ప్రతి పోగులోనూ అన్నీ కొంచెం కొంచెం పడతాయి, పోగులన్నింటికీ పేర్లు రాసుకున్న తర్వాతే జీవాన్ని కోస్తాము.

అపోహ: కళ్లముందు కోసిన వేడి మాంసమే తాజాది, చల్లబరిచినది పాతది.

వాస్తవం: కోసిన కొన్ని గంటల్లో కండరాలు బిగుసుకుంటాయి, ఆ దశలో వండిన ముక్క గట్టిగా ఉంటుంది. 0 నుంచి 4 డిగ్రీల చలిలో ఒక రోజు ఉంచితే కండలోని సహజ ఎంజైములే దాన్ని మెత్తబరుస్తాయి, సూక్ష్మజీవుల పెరుగుదల కూడా నెమ్మదిస్తుంది. అయితే కొనేవారి అనుమానం ఊరికే పుట్టలేదు. మిగిలిన సరుకును ఫ్రిజ్‌లో దాచి అమ్మిన దుకాణాలే దాన్ని పెంచాయి. అందుకే సంచి మీద కోసిన రోజు, వేళ రాసి ఇస్తాను.

అపోహ: సొంత మందలోని జీవాన్ని కోసి అమ్మడానికి ఎవరి అనుమతీ అవసరం లేదు.

వాస్తవం: ఇంట్లో వండుకోవడం వేరు, అమ్మడం వేరు. రోజుకు 10 జీవాలు లేదా 50 కోళ్ల వరకు కోసే చిన్న వ్యాపారి కూడా ఆహార భద్రతా సంస్థ వద్ద నమోదు చేసుకోవాలని 2011 నాటి నిబంధనలు చెబుతున్నాయి. 2001 నాటి కబేళా నియమాల ప్రకారం మున్సిపల్ పరిధిలో గుర్తింపు పొందిన కబేళాలోనే కోయాలి. చూలు జీవాన్ని కోయకూడదు.

అపోహ: రంగు ఈకలున్నదల్లా నాటుకోడే.

వాస్తవం: వనరాజా, గ్రామప్రియ వంటివి రాజేంద్రనగర్ కోళ్ల పరిశోధన సంస్థ రూపొందించిన మెరుగైన రకాలు. అవి మంచివే, కానీ వాటి పేరుతోనే అమ్మాలి.

అపోహ: ఆరుబయట మేసిన జీవానికి మందులు తగలవు.

వాస్తవం: ఉన్నట్టుండి చంపే చిటుక రోగానికి, విరేచనాలతో చంపే పారుడు రోగానికి టీకాలు వేయించకపోతే గొర్రెలే మిగలవు, కడుపులోని పురుగులకు వేసే నట్టల మందు కూడా తప్పదు. ప్రతి మందుకూ, వాడిన తర్వాత మాంసానికి ఎన్ని రోజులు ఆగాలన్న గడువు ఉంటుంది. ఏ జీవానికి ఏ రోజు ఏ మందు ఇచ్చానో పుస్తకంలో రాసుకుంటాను. గడువు తీరని జీవమైతే, పోగులకు పేర్లు రాసుకున్నాక తెలిసినా సరే, ఆ ఆదివారం అమ్మకం ఆపేస్తాను.